తాత మిలిటరీ బాటిలూ, పెద్దామె కందిపప్పూ

మొన్న మా మనవరాలికి కొరియర్లో ఒక నీళ్ల సీసా వచ్చింది. స్కూలు వాళ్లు పిల్లల్ని నల్లమలలోకి నడిపించుకుని పోతారట, దానికోసం ఫోనులో నొక్కి తెప్పించుకుంది. ఆకుపచ్చ ప్లాస్టిక్కు, పైన మచ్చలు మచ్చలుగా రంగు, పక్కన పెద్ద అక్షరాలతో 'ఆర్మీ' అని రాసి ఉంది.

"అమ్మమ్మా, ఇది ఒరిజినల్ మిలిటరీ బాటిల్" అని నా చేతిలో పెట్టింది.

మూత తీసి వాసన చూశాను. చెప్పుల దుకాణం వాసన వచ్చింది.

"మిలిటరీది కాదే ఇది."

"నీకెట్ల తెలుసు?"

"మిలిటరీ బాటిల్ అయితే తడిసిన గొర్రె వాసన రావాల."

అది నన్ను జాలిగా చూసి వాళ్లమ్మ దగ్గరకు వెళ్లిపోయింది. ఈ మధ్య మా ఇంట్లో నన్ను అందరూ అలాగే చూస్తున్నారు, అది వేరే సంగతి. కానీ నేను అన్నది అబద్ధం కాదు. నా చిన్నతనమంతా ఆ తడిసిన గొర్రె వాసనలోనే గడిచింది.

మా ఊరు కంభానికీ మార్కాపురానికీ నడుమ, మెట్ట నేలల్లో ఉంది. వాన పడితే సేద్యం, పడకపోతే మిలిటరీ అన్నట్టుండేది అక్కడి మగపిల్లల బతుకు. ఏ ఇంటి వసారాలో కొయ్యకు ఖాకీ బాటిల్ వేలాడుతుంటే ఆ ఇంట్లో ఒక సిపాయి ఉన్నట్టు. మా ఇంట్లో ఆ సిపాయి మా తాత. పెన్షన్ మీద ఇంటికొచ్చి చాలా ఏళ్లయినా ఆయన పంచె కట్టుకుని చేనుకు పోతున్నప్పుడు కూడా భుజాన ఆ బాటిల్ ఉండాల్సిందే.

అది అల్యూమినియంది. ఒక పక్క ఉబ్బెత్తుగా, ఇంకో పక్క నడుముకు ఆనుకునేట్టు లోపలికి వంగి ఉండేది. పైన మందపాటి ఉన్ని తొడుగు, దానికి గుండీలు. బెండు మూత, అది ఎక్కడా పోకుండా ఒక చిన్న గొలుసు. తాత పొద్దున్నే నీళ్లు నింపి, తొడుగును కూడా తడిపి, కారుతుండగానే తగిలించుకునేవాడు. రోహిణి కార్తెలో కూడా దాంట్లో నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉండేవి. మూతి పెట్టి తాగకూడదు, ఎత్తి పోసుకోవాలి. మూతి పెట్టినవాడికి ఆ రోజుకు రేషన్ బంద్.

పిల్లలం చుట్టూ చేరితే తాత బాటిల్ చరిత్ర చెప్పేవాడు.

"ముందు కాలంలో సిపాయిలు తోలు తిత్తుల్లో నీళ్లు మోసుకపోయేవోళ్లంట. అది తాగితే నీళ్లు తాగినట్టుండదు, చెప్పు నాకినట్టుంటది. ఆ తర్వాత ఇనప బాటిల్ వచ్చె, మీద నీలం పూత. కిందపడితే పెచ్చులూడి తుప్పు పట్టేది. ఆ తర్వాత వచ్చింది మాది. దీన్ని మించింది రాలా. రాదు గూడా."

సెలవు మీద వచ్చిన కుర్ర సిపాయి ఒకడు ప్లాస్టిక్ బాటిల్ తెచ్చి చూపిస్తే తాత దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఎండలో పెడితే కషాయం అయితది నాయనా, దగ్గుకు పనికొస్తది" అని తిరిగి ఇచ్చేశాడు.

బాటిల్‌కు ఒక పక్క సొట్ట ఉండేది. ఊళ్లో పిల్లలమంతా అది తుపాకీ గుండు తగిలి పడిన సొట్ట అనుకునేవాళ్లం. తాత అవునని ఎప్పుడూ అనలేదు, కాదనీ అనలేదు. మీసం మాత్రం దువ్వుకునేవాడు. ఒకరోజు అవ్వ చింతపండు గింజలు తీస్తూ మా అందరి ముందే గుట్టు విప్పేసింది.

"గుండంట గుండు! ఈయన యుద్ధం జేసింది గరిటెతోనే. మూటలు మోసే కంచరగాడిద తొక్కినాది దాన్ని."

తాత ఏమాత్రం తగ్గలేదు. "ఆ గాడిద గూడా మిలిటరీదే" అన్నాడు.

ఆ బాటిల్ మా ఇంట్లో చేయని పని లేదు. తొడుగు విప్పి వేడినీళ్లు పోస్తే అవ్వ మోకాళ్లకు కాపడం. అదే వేడి మీద చొక్కా పరిచి రుద్దితే చిన్నాయనకు ఇస్త్రీ. తాత మిలిటరీలో నేర్చుకున్న చపాతీలు ఒత్తేది కూడా దాంతోనే. ఒకసారి పక్కింటాయన, మిలిటరీ బాటిల్లో ఉండేది మిలిటరీ సరుకే అని గట్టిగా నమ్మి, తాత కునుకు తీస్తున్నప్పుడు కొయ్య మీద నుంచి దించి గటగటా తాగేశాడు. మా ఊరి నీళ్లు అలా ఒక్కసారిగా తాగడం ఎవరికైనా కష్టమే. ఆయన మొహం చూసి మేం గోడ చాటున పడీ పడీ నవ్వాం. ఇన్ని పనులు చేసినా దాని లోపల పడేది నీళ్లే. మజ్జిగ పోయకూడదు, కిరసనాయిలు ఊసే ఎత్తకూడదు. తాత పెట్టిన రూలు అది.

ఇక మా ఊరి నీళ్ల గురించి చెప్పాలి. చూడ్డానికి అద్దంలా ఉండేవి. నోట్లో పోసుకుంటే సున్నపుతేట. సబ్బు నురగ వచ్చేది కాదు. తల అట్టలు కట్టేది. అన్నిటికన్నా ఘోరం, కందిపప్పు ఉడికేది కాదు. పొద్దున పొయ్యి మీద పెట్టింది మధ్యాహ్నానికి కూడా పలుకు పలుకుగానే ఉండేది. అవ్వ విసిగిపోయి దాన్ని రోట్లో వేసి నూరేది. మా పళ్లన్నిటికీ గోధుమరంగు చారలు. కంభం సంతలో ఒక్కసారి నవ్వితే చాలు, మాది ఏ ఊరో అడక్కుండానే చెప్పేసేవాళ్లు. పెద్దవాళ్లకు నడుములూ మోకాళ్లూ పట్టుకుపోయేవి. ఆ నీళ్లలో ఏదో ఉందని డాక్టర్లు చెప్పేవాళ్లు, అది మాకు వాళ్లకన్నా ముందే తెలుసు. మంచినీళ్లు కావాలంటే పడమర దిక్కున కొండ కింది పల్లెకు పోవాలి. అంత దూరం దినామూ ఎవరు పోతారని ఊరంతా ఉన్నదాంతోనే సర్దుకుపోయేది.

అందుకే మా ఊరికి పిల్లనివ్వాలంటే జనం జంకేవాళ్లు. ఆ దెబ్బ మా చిన్నాయన మీద పడింది. నాయనకు తమ్ముడు, ఇంట్లో చిన్నవాడు. చేలు ఉన్నాయి, బత్తాయి తోట ఉంది, బీడీ ముక్క కూడా ముట్టడు. వచ్చిన సంబంధమల్లా ఊరి మొదట్లో బోరింగు దగ్గర ఆగి, గుక్కెడు నీళ్లు తాగి, అక్కణ్ణుంచే వెనక్కి తిరిగేది. మా ఇంటిదాకా వచ్చి కాదన్నవాళ్లే తక్కువ.

అలాంటప్పుడు గిద్దలూరు నుంచి ఒక సంబంధం తగిలింది. చిన్నాయన వెళ్లి పిల్లను చూసి వచ్చాడు. వచ్చిన మనిషి వెళ్లిన మనిషిలా లేడు.

"పిల్ల ఎట్లుందిరా?" అని అడిగింది అవ్వ.

"బాగుందిమా."

"రంగు?"

"బాగుంది."

"ఏమన్నా మాట్లాడినాదా?"

"బాగుంది."

మరుసటి రోజు ఎద్దులను తోలుకుని దున్నడానికి చేనుకు పోయి, నాగలి ఇంట్లోనే మరిచానని తిరిగొచ్చాడు. ఈ పిల్ల తప్పిపోతే వీడింక పెళ్లి మాటే ఎత్తనివ్వడని అవ్వకు అప్పుడే అర్థమైపోయింది.

నాలుగు రోజులకు మధ్యవర్తిగా ఉన్న మామ చెమటలు కక్కుతూ వచ్చాడు. పిల్ల తరఫు వాళ్లు మా ఇల్లు చూసుకోవడానికి వస్తున్నారట. వచ్చేది పిల్ల నాయనా, ఆయన తల్లీ. ఆ ఇంట్లో మాట చెల్లేది ఆ పెద్దామెదేనట.

"ఆమెతోనే వచ్చింది తంటా. ఆమె యాడికి పోయినా కొంగులో కందిపప్పు మూటకట్టుకుని పోతాది. మగపిల్లోని ఇంట్లో పొయ్యి మీద పెట్టిస్తాది. మాటలయ్యేలోపల ఉడికితే సంబంధం. ఉడక్కుంటే లేసి పోతాది. ఇప్పటికే రెండు సంబంధాలు అట్లే పోయినాయి."

అవ్వ మొహం తెల్లబోయింది. మా పొయ్యి మీద పప్పు ఉడికే దాకా మాట్లాడుకోవాలంటే మనుషులు వారం రోజులు ఉండాలి.

అవ్వ ఆలోచించింది. కొండ కింది నీళ్లు తేవాలి. బిందెలతో తెస్తే ఊరంతా చూస్తుంది, ఎవరో ఒకరు ఆ ముసలామె చెవిన వేస్తారు. గుప్పెడు పప్పుకు బిందెడు నీళ్లెందుకు? తాత బాటిల్ చాలు. దాన్ని ఎవరి భుజాన చూసినా ఎవరికీ అనుమానం రాదు. ఆ మాటే వెళ్లి తాతతో అంది. తాత కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు.

"మిలిటరీ బాటిల్తో మోసం జేస్తావా? ఇన్నేండ్లలో దాంట్లో ఒక్క అబద్ధం పొయ్యలేదు నేను."

"అబద్ధం పొయ్యొద్దయ్యా, నీళ్లు పొయ్యి."

"కుదర్దు."

"పిల్లోనికి పెండ్లి అయ్యేది లేదా?"

"అయితే నిజంగా కావాల. లేకుంటే లేదు."

అవ్వ మారు మాట్లాడలేదు. అవ్వ ఊరుకుందంటే ఏదో జరగబోతున్నట్టే. వాళ్లు వచ్చే ముందు రోజు సాయంత్రం బాటిల్ ఉన్ని తొడుగు విప్పి, కుంకుడు రసంలో నానబెట్టి, ఉతికి దండెం మీద ఆరేసింది. "మురికి కంపు గొడతా ఉంది, వచ్చేటోళ్లు ఏమనుకుంటారు" అంది. తాత దగ్గర ఇంకో రూలు ఉంది. తొడుగు లేకుండా బాటిల్ బయటికి రాకూడదు, అది యూనిఫారం లేకుండా వచ్చినట్టు. కాబట్టి తెల్లవారి ఆయన ఉత్త చేతులతో చేనుకు పోయాడు. ఆయన అటు పోగానే చిన్నాయన బాటిల్ను తువ్వాల్లో చుట్టి నా చేతికిచ్చి, నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నాడు. నేనెందుకంటే, ఎవరైనా అడిగితే పిల్లకు పొంగు పోసింది, కొండ కింద మంత్రం వేయించడానికి పోతున్నామని చెప్పాలట. దారిలో ఎవరు కనబడినా నేను మూలిగాను. ఎవరూ లేనప్పుడు కూడా సాధన కోసం కొంచెం మూలిగాను.

ఆ దారి నాకింకా కళ్లముందు ఉంది. కంది చేల మీద మంచు, కొత్తగా కోసిన సజ్జ వాసన, గొర్రెల మందలు రోడ్డంతా నిండి సైకిలు దిగి నిలబడాల్సి రావడం. కొండ కింది పల్లె చేరేసరికి ఎండ పొడిచింది. బావి దగ్గర ఆడవాళ్లు మా వంక చూసి ఏ ఊరని అడగబోయి, చిన్నాయన నవ్వగానే ఊరుకున్నారు. అక్కడి పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. నేను పెదవులు బిగించుకున్నాను. దోసిలి పట్టి తాగితే నీళ్లు తియ్యగా ఉన్నాయి, చివర్లో నాలుక మీద కొంచెం వగరు తగిలింది. నేను కడుపు ఉబ్బేదాకా తాగాను. తిరుగు దారిలో మూలిగిన మూలుగులు నిజమైనవే.

మేం ఇల్లు చేరేసరికి తొడుగు ఆరింది. అవ్వ బాటిల్కు యూనిఫారం తొడిగి వంటింట్లో పెట్టింది. కాసేపటికి గిద్దలూరు వాళ్లు రైలు దిగి, బండి కట్టించుకుని వచ్చారు. పెద్దామె పొట్టి మనిషి. ముక్కుకు పెద్ద పుడక, చేతిలో కర్ర. పిల్ల నాయన పొడుగాటి మనిషే కానీ ఏ మాట మాట్లాడాలన్నా ముందు తల్లి మొహం చూసేవాడు. మంచినీళ్లు ఇస్తే "ఆకలి మీద తాగను" అంది పెద్దామె. కూర్చోగానే కొంగు మూట విప్పింది.

"కోడలా, ఈ పప్పు పొయ్యి మీద పెట్టు. మాటల్లో మాట, ఉడుకుతా ఉంటాది."

"దానికేం భాగ్యమత్తా" అని అవ్వ నవ్వుతూ లోపలికి పోయింది. ఆ నవ్వు నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. సట్టిలో పప్పు పోసి, బాటిల్ వంచి, మా అమ్మను మంట ఊదమంది.

బయట వసారాలో, చేను నుంచి తిరిగొచ్చిన తాత పెద్దమనిషి తరహాలో మాట్లాడుతున్నాడు. వర్షాల గురించి అయింది, బత్తాయి చెట్ల తెగులు గురించి అయింది. ఇక ఆయనకు తెలిసింది ఒక్కటే మిగిలింది, బాటిల్ చరిత్ర. తోలు తిత్తులతో మొదలుపెట్టాడు. నీలం పూత దాకా వచ్చాక కేకేశాడు.

"పాపా, నా బాటిల్ తీసుకరా!"

వంటింట్లో అవ్వ ఒక్క ఉదుటున నా దగ్గరకు వచ్చింది. బాటిల్లో అడుగున ఇంకా కొన్ని నీళ్లు ఉన్నాయి. "పారబోసి మనయి పట్టి ఇయ్యి" అని గుసగుసలాడింది. నేను మూత లాగేసరికి తాత గడపలోకే వచ్చి, "ఇంతసేపా" అని నా చేతిలోంచి లాక్కుపోయాడు.

"తాగి చూడత్తా. ఈ బాటిల్లో మా బాయి నీళ్లు తప్ప ఇంకోటి పడలా. అయినా ఎంత చల్లగుంటయో చూడు."

పాపం, ఆయన నిజమే చెబుతున్నాననుకున్నాడు. పెద్దామె వద్దనలేక బాటిల్ ఎత్తి గొంతులో పోసుకుంది. ఆగింది. మళ్లీ పోసుకుంది. కళ్లు మూసుకుని కాసేపు కూర్చుంది.

"అల్లుడా, ఇయ్యి మీ బాయి నీళ్లా?"

"మాయే."

"మీ బాయిలో అడుగున నేరేడు చెక్క ఏసినోళ్లెవరు?"

తాతకు అర్థం కాలేదు. మా బావి అంతా బండరాయే.

"మా నాయన బాయి తవ్వించినప్పుడు అడుగున నేరేడు చెక్కలు పరిపించినాడు. ఆ వగరు నేను మరిచిపోతానా? ఇయ్యి కొండ కింద మా పుట్టింటి నీళ్లు."

తాత బాటిల్ అందుకుని తను కూడా ఒక గుక్క వేశాడు. ఆయన మీసం వణకడం నేను చూశాను. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి అవ్వ గరిటె పట్టుకుని, మొహం వెలిగిపోతూ బయటికొచ్చింది.

"చూడత్తా! ఎన్నపూస మాదిరి ఉడికినాది!"

 గరిటెలోంచి పప్పు బొట్టు బొట్టుగా గచ్చు మీద పడింది. ఎంత కమ్మటి వాసనో! నాకు నోరూరింది, ఆ సమయంలో ఊరకూడదని తెలిసినా.

తాత లేచి, కాళ్లు దగ్గర పెట్టి నిటారుగా నిలబడ్డాడు. "అత్తా, ఇది నాకు తెలీకుండా జరిగినాది. అయినా ఇల్లు నాది, బాటిల్ నాది. నన్నే అను." అని తనే వెళ్లి చెంబుతో మా నీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "మాయి ఇయ్యి."

పెద్దామె ఆ చెంబెడూ తాగింది. మొహం చిట్లించింది. కొంగులో మిగిలిన పప్పు తీసి అవ్వకిచ్చి, "ఇంగ దీన్ని మీ నీళ్లతో పెట్టు" అంది. అది సాయంత్రం వాళ్లు బండెక్కేదాకా ఉడుకుతూనే ఉంది.

"కొండ కిందికి ఎవరు పోయినారు?" అని అడిగింది.

చిన్నాయన స్తంభం చాటు నుంచి ఇవతలికి వచ్చాడు. అమ్మ పంపించిందని చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేదు.

"నేనే పోయినా అవ్వా. పిల్ల నచ్చినాది."

పిల్ల నాయన దగ్గాడు. మామ ఆకాశం వంక చూశాడు.

"నచ్చితే నీళ్లు తెస్తావా?"

"తెస్తా."

"పెండ్లయినాక?"

"తెస్తా."

"దినామూ?"

"దినామూ తెస్తా."

"ముసురు పట్టినప్పుడు?"

"తడుస్తానే పోతా."

"ఇట్లాంటి మాటలు ఎన్ని వినలా నేను" అంది పెద్దామె. కానీ గొంతులో పదును తగ్గింది. బాటిల్ ఒళ్లో పెట్టుకుని సొట్ట మీద వేలితో రాసింది. "మా అన్న పోయినాక ఆ ఊరి గడప తొక్కలా నేను. ఇదో, ఈయన నా కడుపున పుట్టినోడే. ఆ దావన యాపారానికి ఎన్ని తూర్లు పోయింటాడో. అమ్మకు ఒక చెంబెడు తీసకపోదామని ఒక్కనాడూ తోచలా." పిల్ల నాయన తన కాలి వేళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆమె కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

ఇంక ఒప్పుకున్నట్టే అనుకున్నాం. కానీ ఆమె అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు.

"తాగాల్సింది నేను గాదు, పిల్ల. అల్లుడా, నీ బాటిల్ నింపి ఇయ్యి. మీ బాయి నీళ్లే పొయ్యి. పిల్ల తాగుతాది. తాగి సరేనంటే సరే."

తాత ఆ బాటిల్ను రాత్రి పూట పక్కలో పెట్టుకుని పడుకునేవాడు. అలాంటిది మా సున్నపు నీళ్లు నింపి, తొడుగు తడిపి, గుండీలు సరిచూసి రెండు చేతులా ఆమెకిచ్చాడు. బండి మలుపు తిరిగేదాకా నిలబడే ఉన్నాడు.

ఆ తర్వాత రోజులు మా ఇంట్లో ఎలా గడిచాయో చెప్పలేను. తాత భుజం ఖాళీగా ఉండేసరికి చేనుకు పోవడం మానేశాడు. చిన్నాయన మాటిమాటికీ రోడ్డు దాకా పోయి వచ్చేవాడు. మా నీళ్లు తాగి సరేననే పిల్ల భూమ్మీద ఉండదని అవ్వ పొద్దునా సాయంత్రమూ చెప్పుకుని ఏడ్చేది. నాకు చిన్నాయన మీద బెంగగా ఉండేది. అన్నం కలుపుకుని, తినడం మరిచి కూర్చునేవాడు.

చివరికి మామ బాటిల్ తగిలించుకుని వచ్చాడు. అందరం చుట్టూ మూగాం.

"పిల్ల తాగినాదా?"

"మొత్తం తాగినాదంట. ఒక్క చుక్క బయటికి ఊంచలేదంట."

"ఏమనింది?"

మామ గొంతు సవరించుకున్నాడు. "నీళ్లు ఘోరంగా ఉండాయి, బాటిల్ బాగుంది అనింది. ఆ పిలగాడు మాట మీద నిలబడే రకమో కాదో నా అంతట నేనే చూసుకుంటానులే అనిందంట."

అంటే సరేనన్నట్టా, కాదన్నట్టా? మగవాళ్లు తలా ఒక అర్థం చెప్పారు. అవ్వ మాత్రం బాటిల్ తీసుకుని తిప్పి చూసింది. ఉన్ని తొడుగు అడుగున చాన్నాళ్లుగా చిరిగి ఉండేది. ఆ చిరుగును ఎవరో ఎర్ర దారంతో, దగ్గర దగ్గర కుట్లు వేసి కుట్టారు.

"కాదనే పిల్ల చిరుగు కుడతాదా, వెర్రిమొగాల్లారా!" అని అవ్వ ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచింది.

ఖాకీ మీద ఎర్ర దారం యూనిఫారానికి విరుద్ధం. తాత ఆ కుట్లను చాలాసేపు చూశాడు. నీళ్లు నింపుకుని చేనుకు పోయాడు.

పెళ్లయింది. చిన్నమ్మ కాపురానికొచ్చిన రోజు తాత చిన్నాయనను వసారాలో నిలబెట్టి, మిలిటరీలో సామాను అప్పగించేటప్పుడు అన్నట్టే "ఇష్యూ చేస్తాండా" అని బాటిల్ అతని భుజాన వేశాడు. చిన్నాయన తెల్లవారి లేచి, సైకిలు వెనక రెండు బిందెలూ భుజాన బాటిలూ వేసుకుని కొండ కిందికి పోవడం మొదలుపెట్టాడు. బిందెల్లోవి ఇంటికి, బాటిల్లోవి పెద్దామెకు. గిద్దలూరు వైపు పోయేవాళ్లు ఎవరు దొరికితే వాళ్ల చేత పంపేవాడు, అటునుంచి వచ్చేవాళ్ల చేత ఖాళీ బాటిల్ తిరిగొచ్చేది. ఊళ్లో మగవాళ్లు రచ్చబండ దగ్గర అతణ్ణి 'నీళ్ల మొగుడు' అని ఎగతాళి చేసేవాళ్లు. ముసురు పట్టినప్పుడు అతను పోతాడో లేదో చూడ్డానికి ప్రత్యేకంగా బయటికొచ్చి నిలబడేవాళ్లు. అతను తడుస్తూ పోయేవాడు. చిన్నమ్మ గడపలో నిలబడి చూసేది.

వాళ్లకొక కొడుకు పుట్టాడు. వాడికి చిన్నప్పటినుంచీ ఆ నీళ్లే. పాలపళ్లు తెల్లగా వస్తే ఎవరూ పట్టించుకోలేదు. పాలపళ్లు మాకందరికీ తెల్లగానే వచ్చాయి. అసలు సంగతి అవి ఊడిన తర్వాతే. వాడి ముందు పన్ను ఊడిన రోజు నుంచి మా వీధి వీధంతా కాసుకుని కూర్చుంది. నాకప్పటికి సంబంధాలు చూస్తున్నారు. ఎవరైనా నవ్విస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం నాకు అలవాటైపోయింది.

ఒకరోజు అవ్వ వాణ్ణి చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చింది. సంతలో కోడెదూడను చూపించినట్టు, వాడి పెదవి రెండు వేళ్లతో పైకెత్తి ఇంటింటికీ తిప్పింది. వాడు "ఇడువు అవ్వా" అని గింజుకుంటున్నాడు. కొత్తగా వచ్చిన ఆ రెండు పళ్లు తెల్లగా, ఒక్క చార లేకుండా ఉన్నాయి. నవ్వుతూ బయటికొచ్చిన ఆడవాళ్లు చూసి నవ్వు ఆపేశారు. ఒకామె వంగి ఆ పళ్లను వేలితో తాకి చూసింది. తర్వాత పక్కనే ఉన్న తన పిల్ల మొహం చూసి, దాన్ని దగ్గరకు లాక్కుంది. నాకు ఏడుపొచ్చింది. సంతోషమూ ఉంది, నాకెవరూ అలా తెచ్చి పోయలేదన్న దుఃఖమూ ఉంది.

ఆ రాత్రి మా వీధిలో ప్రతి ఇంట్లోనూ మొగుడికీ పెళ్లానికీ పోట్లాట జరిగింది. తెల్లవారి నేను ముగ్గు వేయడానికి బయటికి వచ్చేసరికి చిన్నాయన సైకిలు ఎక్కుతున్నాడు. అతని వెనక, రచ్చబండ దగ్గర నవ్విన మగవాళ్లంతా సైకిళ్లకు బిందెలు కట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, కొండ దారిన బయల్దేరారు.